ఉతకమని ఎవరు చెప్పారు?

ఆమె "ప్రభువునందు నిద్రించింది" అని అరకు నుంచి పాస్టరుగారు ఫోను చేశారు. అప్పుడు నేను కోర్టు వరండాలో ఉన్నాను. ఆవిడ పోయిందంటే నమ్మగలను. ఆ ఊపిరితిత్తులతో అన్నాళ్ళు ఉండటమే వింత. నిద్రించిందంటేనే నమ్మలేకపోయాను. నాకు తెలిసినంతలో ఆవిడ తను నిద్రపోయిందీ లేదు, ఇంకొకరిని నిద్రపోనిచ్చిందీ లేదు. ప్రభువుకి ఈపాటికి సంగతి తెలిసే ఉంటుంది.

పేరు రాయను. బతికుండగా ఆ పేరును కోర్టువారు తగినంత పాడుచేశారు. ఒక కాయితంలో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా రాశారు. ఒక ఉత్తర్వులో ఏకంగా మగవాణ్ణి చేసేశారు. నేను "అప్పా" అనేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటారు. ఆవిడ నన్ను "గుంటా" అనేది, పిల్లా అని. నల్లగౌను వేసుకుని జడ్జిగారి ఎదుట నిలబడ్డా నేను గుంటనే.

తొంభైల మధ్యలో విశాఖపట్నంలో ఒక సీనియరు లాయరుగారి దగ్గర జూనియరుగా చేరాను. జూనియరంటే బ్యాగు మోసే పట్టభద్రురాలు. మా నాన్న అరకు మిషను బళ్ళో మాష్టారు కాబట్టి "మీ కొండవైపు వాళ్ళే, నువ్వే చూసుకో" అని ఆయన ఆవిణ్ణి నాకు అప్పగించారు. శృంగవరపుకోట దాటితే అంతా ఒకటే ఊరని ఆయన అభిప్రాయం.

కిరండూలు ప్యాసింజరు దిగి, పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎండుకర్రలా పొడుగ్గా ఉంది. ముక్కుకి రెండు పక్కలా బంగారు కాడలు. కూర్చోబోయే ముందు కుర్చీని కొంగుతో తుడిచింది. వెళ్ళబోతూ లేచినప్పుడు మళ్ళీ తుడిచింది. సీనియరుగారు వింతగా చూశారు.

"ముందర తుడిసింది మీ బుగ్గి బాబూ," అంది. "ఎనకాల తుడిసింది నా బుగ్గి. ఎవరి బుగ్గి ఆల కాడ ఉండాల."

మాట మధ్యలో దగ్గు వచ్చేది. వస్తే చెయ్యి ఎత్తేది, దగ్గును ఆపడానికి కాదు, మమ్మల్ని ఆపడానికి. ఎంతసేపు దగ్గినా ఆ చెయ్యి దిగేది కాదు. ఎదుట ఉన్నది సీనియరు లాయరైనా, జడ్జిగారైనా ఆగాల్సిందే. దగ్గు తీరాక చెయ్యి దించి, ఏ మాట దగ్గర ఆగిందో సరిగ్గా ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకునేది. మేము ఆ మధ్యలో ప్రశ్న మరిచిపోయేవాళ్ళం.

ఆవిడ చెప్పింది ఇది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలూ కొండ దిగి, పల్లంలో ఒక సిమెంటు రేకుల ఫ్యాక్టరీ లేబరు లైన్లలో కాపురం పెట్టారు. ఆయన పని మూటలు విప్పడం. మూటల్లో వచ్చేది రాతినార. పట్టుకుంటే దూది, పుట్టుక రాయి. ఇంగ్లీషులో దాన్ని ఆస్‌బెస్టాస్ అంటారు. అది సిమెంటులో కలిపితే రేకులవుతాయి. సగం ఆంధ్రదేశం ఆ రేకుల నీడనే అన్నం తింటోంది.

"సాయంత్రం ఇంటికొచ్చీసరికి మీసం కాడ్నించీ మడమల దాకా తెలుపే బాబూ. మనిసి కాడు, ముగ్గుపిండి బొమ్మ. నాను ఆ సొక్కా దులిపి, రాయి మీదేసి బాదీదాన్ని. పొగలొచ్చీది. ఆ పొగలో నిలబడి మళ్ళీ బాదీదాన్ని. మొగుడి బట్ట మల్లెపువ్వులా ఉండాలి గదా!"

కంపెనీది ఎంత పెద్ద మనసంటే, ఖాళీ అయిన మూటల సంచులు కూలీలకి ఊరికే ఇచ్చేది. ఈవిడ వాటిని దులిపి, కుట్టి బొంత చేసింది. తలుపుకి తెర కట్టింది. కూతురు పుడితే ఆ పసిగుడ్డుకి పక్క వేసింది.

కొన్నేళ్ళకి ఆయనకి ఊపిరి అందడం మానేసింది. కంపెనీ డాక్టరు దగ్గుమందు రాశాడు. అదీ పనిచెయ్యకపోతే కంపెనీ శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపింది.

"ఊపిరాడనోడికి గడియారం ఎందుకు బాబూ?" అని అడిగింది ఆవిడ సీనియరుగారిని, ఆయనే ఇచ్చినట్టు. "ఎంతసేపు ఆడనేదో సూసుకోడానికా?"

కొండ మీదికి తిరిగొచ్చాక ఆయన పోయాడు. మరికొన్నేళ్ళకి ఈవిడకి అదే దగ్గు మొదలైంది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, "నువ్వెప్పుడైనా ఫ్యాక్టరీలో పని చేశావా?" అని అడిగింది. "నాను సెయ్యనేదు, నా సబ్బు సేసినాది" అందిట.

సీనియరుగారు చట్టం వివరించారు. భర్త విషయంలో గడువు దాటిపోయింది. కార్మికుడికి రోగం వస్తే రెండేళ్ళలోపు అడగాలి.

"ఆ రోగం లోపలికెల్లి ఇరవయ్యేళ్ళు తొంగునుంటాదని డాక్టరమ్మ సెప్పినాదే?"

"అవునమ్మా, కానీ చట్టం రెండేళ్ళే ఇస్తుంది."

"అయితే తప్పు రోగానిదే బాబూ. సట్టం సదువుకోనేదు."

ఇక ఆవిడ సొంత విషయం. ఆవిడ కంపెనీ కూలీ కాదు కనుక కార్మిక చట్టం ఆవిణ్ణి గుర్తుపట్టదు. నష్టపరిహారానికి సివిలు దావా ఒక్కటే దారి. దానికి కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేనివాళ్ళు నిరుపేదనని అర్జీ పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుంటే నిజంగా పేదవాళ్ళో కాదో కోర్టు విచారిస్తుంది. ఆ రకంగా, ఆవిడ ఎందుకు దగ్గుతోందో తేల్చడానికి ముందు, దగ్గడానికి తగినంత పేదదో కాదో తేల్చే పని మొదలైంది.

కంపెనీ తరఫు లాయరుగారు మహా మర్యాదస్తుడు. ఎదుటివాళ్ళు అబద్ధమాడుతున్నారని అనే ముందు "అమ్మా" అని తప్పకుండా పిలిచేవారు.

"అమ్మా, నీకు మేకలున్నాయా?"

"ఉన్నాయి బాబూ."

"ముక్కుకి బంగారం ఉంది కదా?"

"ఉన్నాది. ముక్కు కూడా ఉన్నాది. రెండూ రాసుకోండి."

"భూమి?"

"కొండ మీద పోడు సేత్తన్నాం. మాదని మేమంటాం, కాదని ఫారెస్టోళ్ళంటారు. మాదేనని మీరు రాసిచ్చీండి బాబూ. ఈ దావా ఇక్కడే ఒగ్గీసి బేగి ఎల్లిపోతాను."

లాయరుగారు భూమి సంగతి వదిలేశారు. ఎమ్మార్వో రిపోర్టు రావాలన్నారు. రిపోర్టు కోసం వాయిదా, ఎమ్మార్వో బదిలీ అయ్యాడని ఒక వాయిదా, కొత్తాయన ఇంకా చేరలేదని మరో వాయిదా. ఈలోగా ఆవిడ మేక ఒకటి చచ్చిపోయింది. మా కేసు కొంచెం బలపడింది. ఆ మాట నేనంటే నవ్వి నవ్వి, దగ్గి, చెయ్యి ఎత్తి, దించి, "రెండోదాన్ని నానే సంపీమంటావేటి గుంటా?" అంది. చివరికి ఆవిడ పేదరాలేనని కోర్టు ధ్రువీకరించింది. కొండ మీద ఎవరిని అడిగినా ఆ మాట అంబలి తాగినంత సేపట్లో చెప్పేవారు. కానీ వాళ్ళ మాటకి సీలు ఉండదు.

అసలు విచారణ మొదలైంది. ఆవిడ బోనెక్కింది. మూటల సంగతి, పొగల సంగతి, రాయి సంగతి, చంటిదాన్ని చంకనేసుకుని ఉతికిన సంగతి అంతా చెప్పింది. జడ్జిగారు ఓపికగా విని, టైపిస్టుకి ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పారు. టకటకమని కాసేపు మోగి మిషను ఆగిపోయింది.

"ఏటి రాసినారు?" అని బోనులోంచే నన్ను అడిగింది.

"భర్త బట్టలు ఉతికినట్టు సాక్షి చెప్పింది, అని."

"అంతేనా?"

"అంతే అప్పా."

"నాను ఓ బుట్టెడు సెప్తే దోసెడు రాసినారేటి? ఇంగిలీసు అంత పిసినారి బాసా?"

జడ్జిగారు తల పైకెత్తారు. సీనియరుగారు నా వైపు ఎలా చూశారంటే, ఆ ప్రశ్న నేనే నేర్పి పంపానన్నట్టు.

తరువాత మర్యాదస్తుడైన లాయరుగారు లేచారు. కంపెనీ వాదన చాలా సొగసైనది. ఈవిడ ఊపిరితిత్తులు పాడైపోవడానికి పొయ్యి కారణం కావచ్చు, చుట్ట కారణం కావచ్చు, కొండ మీద మంచు కారణం కావచ్చు. లోకంలో ఉన్న సమస్త పదార్థాలూ కారణం కావచ్చు, ఒక్క రాతినార తప్ప.

"అమ్మా, మీ వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా?"

"మా అత్త తాగీది."

"నువ్వు?"

"మాది మిసను సంగం బాబూ. సుట్ట ముట్టుకుంటే పాస్టరుగారు గుళ్ళో రొట్టె ఇవ్వరు."

"మీ అత్తగారు ఏ రోగంతో పోయారు?"

"రోగం నేదు. గెడ్డ దాటుతుంటే వరదకి పోనాది. సుట్ట మాత్రం ఒగ్గనేదంట."

మా పక్షాన ఎక్కువ పని చేసిపెట్టింది కంపెనీ మేనేజరే. ఆయన బోనెక్కి, తమది ఎంత శుభ్రమైన ఫ్యాక్టరీయో గర్వంగా చెప్పుకొచ్చాడు. ఆఫీసర్ల బట్టలు ఫ్యాక్టరీ లోపలే ఉతికిస్తామన్నాడు. ఆ దుమ్ము బయటికి పోకుండా వాళ్ళకి ప్రత్యేకంగా లాండ్రీ పెట్టామన్నాడు. "మరి కూలీల బట్టలు?" అని సీనియరుగారు అడిగారు. "వాళ్ళకి ఇళ్ళున్నాయి కదండీ" అన్నాడు. తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. వాళ్ళ లాయరుగారికి మాత్రం తెలిసింది. ఆ పూట ఇక ఎవర్నీ "అమ్మా" అనలేదు.

తీర్పు వచ్చిన రోజున ఆవిణ్ణి వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, తెలుగు చేసి చదివాను. కంపెనీకి తన పనివాళ్ళ పట్ల బాధ్యత ఉంది. పనివాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ పట్ల లేదు. వాది బట్టలుతకడం వివాహధర్మంలో భాగంగా ఆమె స్వచ్ఛందంగా చేసుకున్న పని. ఉతకమని ప్రతివాది కంపెనీ ఆమెకు చెప్పినట్టు సాక్ష్యం లేదు. దావా కొట్టివేయడమైనది.

ఆవిడ అంతా విని తల ఊపింది.

"నిజమే గుంటా. కంపినీ సెప్పనేదు. ఎవులు సెప్పినారు మరి? నాను మొగుణ్ణి ముగ్గుపిండితోటే పక్కలో ఏసుకోవలసింది."

"చివర్లో కోర్టువారు సానుభూతి కూడా తెలియజేశారు అప్పా."

"అంటే ఏటి?"

"మీ గురించి బాధపడుతున్నామని."

"పాపం," అంది. "ఎల్లి ఓదార్చీసి వొద్దామా?"

హైకోర్టుకి అప్పీలు వేశాం. వేసిన కొన్నాళ్ళకి కంపెనీవారికి మనసు కరిగింది. మేనేజరూ మర్యాదస్తుడైన లాయరుగారూ మా ఆఫీసుకి వచ్చారు. ఆవిడ మందుల ఖర్చు బతికినన్నాళ్ళూ భరిస్తారు, చేతికి కొంత ఇస్తారు. ఆవిడ అప్పీలు మానుకోవాలి. ఈ రోగానికీ ఫ్యాక్టరీకీ ఏ సంబంధమూ లేదని ఒప్పుకుంటూ కాయితం మీద వేలిముద్ర వెయ్యాలి. సీనియరుగారు ఒప్పుకోమన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. అప్పటికి ఆవిడ కొండ ఎక్కాలంటే ప్రతి మలుపులోనూ కూర్చుని లేవాల్సి వచ్చేది.

కాయితం అంతా చదివించుకుని విన్నది. "ఇందులో మా గుంట సంగతి ఏటి రాసినారు?"

"మీ అమ్మాయికేం, బాగానే ఉంది కదా?" అన్నాడు మేనేజరు.

"ఇప్పుడు బాగున్నాది బాబూ. నానూ అప్పుడు బాగున్నాను. ఆ బుగ్గి ఇరవయ్యేళ్ళు తొంగుంటాదంట గదా. మరి మీ సంచీల మీదే గదా గుంట తొంగున్నాది? రేపు దానికి దగ్గొస్తే ఏ కోర్టుకెల్లినా ఈ కాయితమే సూపిత్తారు. 'మీ అమ్మే నేదని ఏలిముద్ర ఏసినాది గదా' అంటారు. అంటారా, అనరా?"

మేనేజరు తన లాయరుగారి వంక చూశాడు.

"ఏలిముద్ర నాదే గానీ ఊపిరి గుంటది. నానొల్లను. పట్టుకెల్లిపోండి."

అప్పుడు నాకొక సంగతి అర్థమైంది. కాయితాల పని మీద ఒకటి రెండు సార్లు వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళ ఇల్లు వలిసె చేలు దాటాక మెట్ట మీద ఉంటుంది. కూతురు అప్పటికే అంగన్‌వాడీలో పనిచేస్తోంది. నెమ్మదైన పిల్ల, మాటకి సిగ్గుపడేది. ఆ పిల్ల నీళ్ళబిందెతో మెట్ట ఎక్కుతుంటే పైనుంచి తల్లి "పాడే, పాడే!" అని కేకేసేది. ఆ పిల్ల కీర్తన పాడుకుంటూ ఎక్కేది. ఈవిడ గుమ్మంలో కళ్ళు మూసుకుని వినేది. ఎంత భక్తి అనుకున్నాను. భక్తీ కాదు, పాటా కాదు. చరణం మధ్యలో కూతురికి ఎక్కడైనా ఊపిరి తెగుతోందేమోనని వినేది.

హైకోర్టు తన తీరిక చూసుకుని తీర్పు చెప్పింది. ఆఫీసర్ల బట్టల దుమ్ము బయటికి పోకుండా జాగ్రత్తపడిన కంపెనీకి కూలీల బట్టల మీద దుమ్ము సంగతి తెలియదంటే నమ్మశక్యంగా లేదన్నది. ఆ దుమ్ము ఏ ఇంటికి వెళ్ళిందో ఆ ఇంటివాళ్ళ పట్ల కూడా కంపెనీకి బాధ్యత ఉందన్నది. పరిహారం ఎంతో తేల్చమని కింది కోర్టుకి తిప్పి పంపింది. లేబరు లైన్లలో కాపురమున్న కుటుంబాలన్నిటికీ కంపెనీ ఖర్చుతో ఏటా ఎక్స్‌రే పరీక్షలు చేయించాలని ఆదేశించింది.

ఈ తీర్పు చదవడానికి నేనే కొండెక్కాను. "పరిహారం కింది కోర్టులో తేలుస్తారు" అంటే, "మళ్ళీ మేకల్ని లెక్కెడతారేటి?" అని మూతి తిప్పింది. కానీ ఆ బాధ్యత మాట దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. పెరట్లో ఉన్న కూతుర్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టింది. "ఇప్పుడు సదువు. నాకు కాదు, దానికి." చదివాను. ఇంకోపాలి అంది. మళ్ళీ చదివాను. ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్పడానికి లేచి, వాక్యం బదులు హైకోర్టు మాటలే అప్పజెప్పిందట. సంఘమంతా అలవాటుకొద్దీ "ఆమెన్" అన్నదని పాస్టరుగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. పరిహారం మాత్రం ఇంకా తేలుతూనే ఉంది. ఆవిడ పోయిందని కోర్టుకి తెలిపి, ఆవిడ స్థానంలో కూతుర్ని చేర్చే అర్జీ వెయ్యాలి. ఆ పిల్ల ఆ తల్లికి వారసురాలేనా అన్న విషయం మీద ఎన్ని వాయిదాలు పడతాయో చూడాలి.

ఎక్స్‌రే వ్యాను మాత్రం ఆవిడ బతికుండగానే వచ్చింది. కోర్టు ధిక్కారం కింద నోటీసు ఇచ్చాక వచ్చింది. ఆ పొద్దున నేను కూడా అరకులోనే ఉన్నాను. చర్చి ముందు షామియానా వేశారు. మేనేజరు కొత్త చొక్కాతో వచ్చాడు. వ్యాను తలుపుకి రిబ్బను కట్టి, పళ్ళెంలో కత్తెర పెట్టారు. పైన పెద్ద బ్యానరు కట్టారు. "గిరిజన సోదర సోదరీమణులకు ఉచిత వైద్య శిబిరం. కంపెనీ వారి సౌజన్యంతో."

చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, ఒకప్పుడు ఆ లైన్లలో కాపురమున్నవాళ్ళు వచ్చి వరసకట్టారు. ఈవిడ కూతురి భుజం పట్టుకుని ఆగుతూ ఆగుతూ వచ్చింది. బ్యానరు కింద నిలబడి కూతురితో చదివించుకుంది.

"సౌజన్యమంటే ఏటే?"

"మంచితనం, అమ్మా."

ఆవిడ పళ్ళెంలోంచి కత్తెర తీసుకుంది. రిబ్బను ఈవిడ చేత కోయించడం బాగుంటుందని మేనేజరు కూడా అనుకున్నట్టున్నాడు, చప్పట్లకి చేతులెత్తాడు. ఆవిడ రిబ్బను దాటి బ్యానరు తాడు కోసింది. ఒక పక్క ఊడి, మంచితనం షామియానా గుంజకి వేలాడింది.

"ఇది మంచితనం కాదు బాబూ, తీర్పు," అంది. "ఎట్టిన పేరు మార్చీకండి."

పాస్టరుగారు కంగారుపడి అటూ ఇటూ చూశారు. మేనేజరు నా నల్లకోటు వంక చూసి, రెండో తాడు తనే విప్పించాడు.

కూతుర్ని ముందు పంపింది. లోపల పరీక్ష జరుగుతున్నంతసేపూ వ్యానుని ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేను ఏదో అంటే వినిపించుకోలేదు. కుర్ర డాక్టరు ఫిల్ము పట్టుకుని మెట్ల మీదికి వచ్చి, వెలుతురుకెత్తి చూశాడు.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది."

"ఇంకోపాలి సెప్పు బాబూ."

"ఏమీ లేదు. ఏటేటా చూపించుకుంటూ ఉండాలి, అంతే."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. దగ్గనుకుని అందరం ఆగాం. దగ్గు కాదు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కూతురు వచ్చి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

కాసేపటికి మొహం తుడుచుకుని, మేనేజరు దగ్గరికి నడిచి, రెండు చేతులూ జోడించింది. అన్నేళ్ళ తగువు తరువాత ఆ దండం చూసి ఆయనకి కూడా మనసు కరిగినట్టుంది, కుర్చీలోంచి లేచాడు.

"వొచ్చే ఏడు కూడా బేగి రండి బాబూ. నానుండను గానీ గుంట ఉంటాది."

"అలా అనకండమ్మా," అన్నాడాయన. "మీరు నిండు నూరేళ్ళు బతకాలి."

"నూరేళ్ళే!" అని ఆవిడ ఆయన్ని జాలిగా చూసింది. "మరి మీ కంపినీ ఏటైపోవాల బాబూ?"